పెరగని దేవుడు

ఉగ్గులో నెయ్యి వేసి కలిపి, చెంచాతో కాస్త తీసి మణికట్టు మీద వేసుకుని వేడి చూసుకుంది దమయంతి. తర్వాత గిన్నె హాసిని చేతికిచ్చింది. కొన్నాళ్ళుగా తమ్ముడికి ఉగ్గు పెట్టే పని హాసినిది. ఎవరూ చెప్పలేదు. "నేను పెడతానండీ" అని తానే అడిగి తీసుకుంది. డిసెంబరులో విజయవాడ నుంచి వచ్చాక ఆ పిల్ల ఈ ఇంట్లో నోరు తెరిచి అడిగినది అదొక్కటే.

ఐదేళ్ళ పిల్ల కన్నతల్లిని అండీ అనడం వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. దమయంతి దిద్దబోయి ఊరుకుంది. చుట్టాలింటికి వెళ్ళే పిల్లకు పెద్దవాళ్ళు నేర్పి పంపిన మర్యాద లాంటిది అది. దాన్ని తుడిచేస్తే కింద ఏం కనిపిస్తుందోనని భయం.

ఫోన్ మోగింది. మ్యూజియం నుంచి లిండా. గురువారం పిల్లల కథాసమయంలో బొమ్మలు చేయడానికి మట్టి సరిపోతుందా, ప్రేమదేవతల కథ చిన్నపిల్లలకు తగినట్టు మార్చావా అని అడిగింది. దమయంతి కిటికీ దగ్గర నిలబడి మాట్లాడి, ఫోన్ పెట్టేసి హాల్లోకి తిరిగింది. తిరిగి, అక్కడే ఆగిపోయింది.

ఉదయ్ కాఫీ టేబుల్ అంచు పట్టుకుని లేచి నిలబడుతున్నాడు. మోకాళ్ళు వణుకుతున్నాయి, ముఖమంతా నవ్వు. హాసిని చెంచాడు ఉగ్గు తన నోట్లో పెట్టుకుంది. గిన్నె కింద పెట్టి, రెండు చేతులూ వాడి భుజాల మీద వేసి కిందికి నొక్కింది. వాడు చతికిలబడ్డాడు. ఆటనుకుని మళ్ళీ లేచాడు. ఆమె ఇంకో చెంచా తిని, మళ్ళీ నొక్కింది. ఈసారి వాడి గడ్డం టేబుల్ అంచుకు తగిలింది. పెదవి చిట్లి నెత్తురు వచ్చింది.

దమయంతికి మొన్న డాక్టరన్న మాట గుర్తొచ్చింది. బరువు పెరగలేదు, సరిగ్గా తింటున్నాడా? తింటున్నాడు, వాళ్ళ అక్క దగ్గరుండి తినిపిస్తోంది అని ఎంత గర్వంగా చెప్పింది తాను!

కొట్టాలని అనుకోలేదు. చేయి ముందు వెళ్ళింది, ఆలోచన తర్వాత వచ్చింది. హాసిని ఏడవలేదు. చెంప పట్టుకోలేదు. "సారీ అండీ" అంది. ఉదయ్ ఏడుపులో ఆ మాట సగమే వినిపించింది.

వాణ్ణెత్తుకుని ఐసుముక్క గుడ్డలో చుట్టి పెదవికి అద్దుతుంటే వంటగదిలో నీళ్ళ చప్పుడైంది. హాసిని స్టూలు లాక్కుని, ఎక్కి, ఉగ్గుగిన్నె కడుగుతోంది. లోపల కడిగి, బయట కడిగి, చెంచా కూడా కడిగి, నీళ్ళు ఓడేలా బోర్లించింది. వెనక్కి తిరిగినప్పుడు చెంప మీద వేళ్ళు నాలుగూ విడివిడిగా కనిపించాయి.

సాయంత్రం శశికాంత్ ఆఫీసు నుంచి వచ్చి అంతా విన్నాడు. బూట్లు విప్పకుండానే సోఫాలో కూర్చుండిపోయాడు.

"జెలసీ. సెకండ్ కిడ్ వస్తే ఎవరికైనా ఉంటుంది. మా అన్నయ్య నన్ను బావిలో పడేస్తానన్నాడంట."

"పడేయలేదుగా."

"పడేయలేదు గానీ, మా అమ్మ వాణ్ణి ఒక్క క్షణం వదిలిపెట్టలేదు. నువ్వట్లా ఎంతసేపని కాపలా కాస్తావు?" బూటు లేసు వేలికి చుట్టుకుంటూ ఆగాడు. "అనురాధ గారు సండే ఇండియా వెళ్తున్నారుగా. హాసినిని తీసుకెళ్తారేమో అడిగి చూడు. ఆగస్టులో కిండర్‌గార్టెన్ టైముకి తెచ్చేసుకుందాం. నాలుగు నెలలే."

"మొదటిసారి పంపినప్పుడూ ఆరు నెలలే అన్నాం, శశీ."

"అప్పుడు నీకు జాబ్ ఉంది, నాకు ప్రాజెక్ట్ లేదు. సిట్యుయేషన్ వేరు." లేసు వదిలేసి అన్నాడు, "దానికీ అక్కడే బాగుంటుందేమో. చూడు, ఇక్కడ ఎలా ఉందో. గెస్ట్‌లా ఉంది."

మధ్యాహ్నం నుంచీ తన లోపల తిరుగుతున్న మాటే అది. అతను అన్నందుకు దమయంతికి కోపం రాలేదు. తాను అననక్కర్లేకుండా పోయినందుకు ఊరట కలిగింది. ఆ ఊరటను గుర్తుపట్టి ఆమె భయపడింది.

*

కింది ఫ్లోర్లో అనురాధ ఇల్లు ఇల్లంతా పెట్టెలే. బాత్‌రూములోని బరువు మిషన్ హాల్లోకి వచ్చింది. అనురాధ పెట్టెను ఎత్తి పట్టుకుని మిషన్ మీద నిలబడింది. కిందికి చూస్తే పెట్టె అడ్డం, అంకె కనబడదు.

"జర చూసి చెప్పవే దమయంతీ. నా బరువు బయటికి చెప్తివంటే మాత్రం ఊకోను."

దమయంతి వంగి చూసి చెప్పింది. అనురాధ నిట్టూర్చి పెట్టె దించి, అందులోంచి చాక్లెట్ డబ్బా తీసి పక్కన పెట్టింది. మా ఆడబిడ్డ అదృష్టం ఇంతే అంది. తర్వాత నేల మీద కూలబడి, దమయంతి అడిగింది పూర్తిగా విన్నది.

"తీస్కపోతగాని, బిడ్డ నాకేం బరువా? గాని దోహాల విమానం మారేటప్పుడు ఏడిస్తే నేనేం చెయ్యాలె?"

"ఏడవదు."

"గదే నా భయం. ఏడ్చే పిల్లల్ని ఎట్ల ఊకోబెట్టాల్నో నాకు ఎరుక. ఏడ్వనోళ్ళను ఏం జేస్తం?" అని, గొంతు తగ్గించింది. "నిన్నేమని పిలుస్తదే అది?"

దమయంతి ఆలోచించింది. "ఏమనీ పిలవదు. దగ్గరికొచ్చి నిలబడుతుంది. నేను చూసేదాకా నిలబడుతుంది."

"నన్నైతే మంచిగ ఆంటీ అంటది," అంది అనురాధ. అనేశాక తన మాట తనకే వినబడి, లేచి చాక్లెట్ డబ్బా మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. "సరే, శుక్రవారం బ్యాంకుల నోటరీ చేపియ్యి. తల్లిదండ్రుల సంతకం లేనిది పిల్లను విమానం ఎక్కనియ్యరు. ఏమంటున్న, వింటున్నవా?"

వింటున్నానంది దమయంతి.

పైకి వచ్చి, భోజనాల బల్ల మీద గురువారానికి రాసుకున్న కాగితాలు పరుచుకుంది. ఇప్పుడున్న వీసా మీద ఆమె జీతం తీసుకోకూడదు. జీతం లేని పనికి అభ్యంతరం లేదు. అందుకే తాముండే కాపెల్ నుంచి అరగంట డ్రైవ్ చేసుకుని, ఒక కాలేజీ వాళ్ళ చిన్న మ్యూజియంలో వారానికో పూట పిల్లలకు కథలు చెబుతుంది. ఒకప్పుడు రోజంతా కోడ్ రాసిన మనిషికి ఈ రాతిబొమ్మల మధ్య పని ఎందుకు నచ్చిందో ఆమెకే తెలియదు. అవి తొందరపెట్టవు. అంతకుమించి కారణం దొరకలేదు.

ప్రాచీన గ్రీకులు ప్రేమదేవత అఫ్రొడైటి చుట్టూ రెక్కలున్న పిల్లలను నిలబెట్టారు. వాళ్ళలో హిమెరోస్ ఒకడు, ఎదురుగా ఉన్నదాని కోసం పుట్టే ఆరాటానికి దేవుడు. పోథోస్ ఇంకొకడు, ఎదుట లేనిదాని కోసం పడే బెంగకు దేవుడు. ఆ ఇద్దరికీ రెండు పేర్లు ఎందుకు పెట్టారో మొదటిసారి చదివినప్పుడు ఆమెకు అర్థం కాలేదు. రెండూ ప్రేమే కదా అనుకుంది.

ఇప్పుడు అర్థమైంది, కావాలనుకోకపోయినా. నాలుగేళ్ళ పాటు ఆదివారాలు లాప్‌టాప్ తెరకు ముఖం ఆనించి కూర్చుంది తాను. అవతల హాసిని పాటలు పాడేది, పళ్ళు చూపించేది, నెట్ ఆగిపోతే సగం నవ్వు మీదే నిలిచిపోయేది. ఆ నిలిచిపోయిన ముఖాన్ని చూసి ఎన్నిసార్లు ఏడ్చింది! ఆ పిల్లే వచ్చి ఈ బల్ల దగ్గర కూర్చుని పెరుగన్నం తింటుంటే ఏం మాట్లాడాలో తెలియడం లేదు. బెంగకు అలవాటుపడ్డ మనసు ఎదురుగా ఉన్న మనిషికి చోటు చేయలేకపోతోంది. ఆదివారం విమానం ఎక్కించేస్తే, సోమవారానికి ఈ పిల్లను మళ్ళీ ప్రాణం పెట్టి ప్రేమించగలదు తాను. అది తెలిసి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పక్కగదిలోంచి హాసిని గొంతు వినిపించింది. తమ్ముడితో మాత్రం ఆ పిల్ల గలగలా మాట్లాడుతుంది. దమయంతి లేచి గుమ్మందాకా వెళ్ళేసరికి మాట ఆగింది. ఉదయ్ కూర్చుని ఉన్నాడు. అక్క చేయి వాడి భుజం మీద ఉంది. దమయంతి వాణ్ణెత్తుకుని తీసుకుపోయింది.

*

గురువారం ఉదయ్‌ను అనురాధ దగ్గర వదిలి, హాసినిని వెంట తీసుకెళ్ళింది. ఇద్దరినీ ఒకచోట వదలడానికి ధైర్యం చాలలేదు.

మ్యూజియం వెనకగదిలో పిల్లలు నేలమీద చాపల మీద కూర్చున్నారు. గోడ దగ్గర ప్లాస్టర్‌తో పోసిన పెద్ద ప్రతిమ. కూర్చున్న దేవి, ఆమె మోకాళ్ళకు చెరో పక్క రెక్కలున్న ఇద్దరు పసివాళ్ళు. ఒకడి ముఖం చక్కగా ఉంది. రెండోవాడి ముఖం అసలు విగ్రహంలోనే అరిగిపోయిందట. ముక్కూ నోరూ ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

దమయంతి ఇంగ్లీషులో కథ చెప్పింది. ప్రేమదేవతకు ఎరోస్ అనే కొడుకు పుట్టాడు. అందమైన పిల్లవాడు, బంగారు రెక్కలు. కానీ ఎన్నాళ్ళైనా పెరగడు. తల్లి దిగులుపడి ధర్మదేవత థెమిస్ దగ్గరకెళ్ళి అడిగింది. ప్రేమ ఒంటరిగా పుట్టవచ్చు, ఒంటరిగా పెరగలేదు, వాడికో తమ్ముణ్ణి కను అంది థెమిస్. అప్పుడు ఆంటెరోస్ పుట్టాడు. బదులుగా ప్రేమించేవాడని అతని పేరుకు అర్థం. తమ్ముడు పక్కనుంటే ఎరోస్ పెరిగేవాడు, రెక్కలు విచ్చుకునేవి. తమ్ముడు దూరమైతే మళ్ళీ చిన్నవాడైపోయేవాడు.

ఇంటి దగ్గర చూసుకున్నప్పుడు ఈ కథ పిల్లల కథలాగే ఉంది. గట్టిగా చెబుతుంటే ఒక్కో వాక్యం దగ్గర కాగితం వంక చూసుకోవలసి వచ్చింది.

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అంది లిండా.

ఎరోస్ ఎగరగలడా అని ఒకరడిగారు. ఆంటెరోస్‌కి ముఖం ఎందుకు లేదని ఇంకొకరు. చివర హాసిని చేయెత్తింది. అందరూ తనవైపు చూస్తే తెలుగులో అడిగింది.

"వాళ్ళమ్మ వాణ్ణి ఎందుకు పెరగమంది?"

పిల్లలు పెరగాలని తల్లులు ఎందుకు కోరుకుంటారో ఎవరైనా అడుగుతారా?

"ఏమడిగింది మీ అమ్మాయి?" అంది లిండా ఆప్యాయంగా.

"వాడి రెక్కలు నిజంగా బంగారమేనా అని," అంది దమయంతి.

అబద్ధం ఎందుకాడిందో తెలియదు. అప్పటికి ఇంగ్లీషు చాలావరకు అర్థం చేసుకుంటున్న హాసిని ఆమెను తదేకంగా చూసి, చేయి దించేసింది.

తర్వాత మట్టి పంచారు. పిల్లలు రెక్కలు చేసి అతికిస్తే ఊడిపోతున్నాయి. దమయంతి ఒక్కొక్కరి దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని, అతుకు దగ్గర పుల్లతో గీతలు గీసి, నీళ్ళు కలిపిన పలచటి మట్టి పూసి, రెక్క ఆనించి వేలితో నిమరడం నేర్పింది. గరుకు చేయకపోతే మట్టి మట్టిని పట్టుకోదు. హాసిని దగ్గరకు వచ్చేసరికి ఆ పిల్ల బొమ్మ అయిపోయింది. గుండ్రటి తల, బొద్దు పొట్ట, ముందుకు చాచిన పొట్టి కాళ్ళు. కూర్చున్న పిల్లవాడు.

"రెక్కలు పెట్టనా?"

తల అడ్డంగా ఊపింది.

"ఎందుకమ్మా? అందరూ పెట్టుకున్నారుగా."

"ఎగిరిపోతాడండీ," అంది హాసిని. బొమ్మను చీమనెత్తినంత జాగ్రత్తగా ఎత్తి, ముఖం అరిగిన దేవుడి పాదాల దగ్గర కాకుండా, దేవి ఒడికి దగ్గరగా పీఠం మీద పెట్టింది. అక్కడ ఏమీ పెట్టకూడదని లిండా సున్నితంగా తీసి ట్రేలో పెట్టింది.

*

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి బ్యాంకులో నోటరీ. శశికాంత్ ఆఫీసు నుంచి నేరుగా అక్కడికి వస్తానన్నాడు. దమయంతి పడకగదిలో నేలమీద పెట్టె తెరిచి, హాసిని గౌన్లు ఇస్త్రీ చేసి పెడుతోంది. వెచ్చని గుడ్డను రెండుగా మడిచి, చేతులు లోపలికి మడిచి, అరచేత్తో గాలి పోయేలా నొక్కి పెట్టడం. ఈ పని తాను ఇంతకు ముందొకసారి చేసింది. అప్పటి గౌన్లు అరచేతికి కొంచెం మించి ఉండేవి.

హాసిని అల్మారా నుంచి ఒక్కొక్క గౌను తెచ్చి అందిస్తోంది. అడగకుండానే తెస్తోంది. ఎందుకు వెళ్ళాలని అడగలేదు, వెళ్ళనని అనలేదు.

ఉదయ్ పాకుతూ వచ్చాడు. తెరిచిన పెట్టె అంచు పట్టుకున్నాడు. మోకాలు, పాదం, ఇంకో పాదం. లేచాడు. ఈసారి ఒక చేయి వదిలేశాడు కూడా.

హాసిని చేతులు వాడి వైపు వెళ్ళాయి. దమయంతి ఉండటం చూసి మధ్యలో ఆగాయి. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని వాడి చెవిలో అంది.

"కూర్చోరా. చూస్తారు."

దమయంతి ఇస్త్రీపెట్టె నిలువుగా పెట్టింది. "ఎవరు చూస్తారు?"

ముఖం ఎత్తకుండా, బతిమాలుతున్నట్టు అంది హాసిని. "వాడు నిలబడ్డం మీరు చూళ్ళేదు కదండీ?"

"చూశాను. చూస్తే ఏమవుతుంది?"

"పంపించేస్తారుగా."

గదిలో ఇస్త్రీ వాసన. ఉదయ్ పెట్టె అంచు మీద అరచేత్తో దరువేస్తున్నాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"అమ్మమ్మ. నాకు నడకొచ్చాక పంపించారంట. నడిచే పిల్లయితే అమ్మమ్మకి ఈజీ అని. ఫస్ట్ బర్త్‌డే కేక్ కట్ చేసి, తర్వాత ఫ్లైట్. ఫొటో ఉంది." వేలితో గౌను అంచు మీది కుట్టు వెంట గీత గీసింది. "తమ్ముడి బర్త్‌డే వస్తోందిగా. హాల్ బుక్ చేశారుగా."

దమయంతి ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపింది. "ఉగ్గు కూడా అందుకేనా? వాడు పెరగకూడదనా?"

హాసిని తలూపింది. అది కూడా చెప్పెయ్యాలి కాబోలనుకుని అంది. "నాకు ఉగ్గు ఇష్టం లేదండీ. వాంతొస్తుంది."

అంతలోనే ఆ పిల్ల ముఖంలో పెద్దవాళ్ళ ఆలోచన ఒకటి కదిలింది. ఇన్ని రోజులుగా మోస్తున్నది అదేనని దమయంతికి తర్వాత తెలిసింది.

"సండే నేను వెళ్ళిపోతాను కదా. తర్వాత వీణ్ణి ఎవరు కూర్చోబెడతారు?"

ఫోన్ మోగింది. శశికాంత్. "బయల్దేరావా? నేను బ్యాంక్ దగ్గరున్నా."

"రావడం లేదు."

"ఏమైంది? వాడికి మళ్ళీ దెబ్బ తగిలిందా?"

"లేదు. ఇంటికొచ్చెయ్, శశీ. వాడు నిలబడుతున్నాడు. వచ్చి చూడు." ఫోన్ పెట్టేసింది.

నేలమీద హాసినికి ఎదురుగా కూర్చుంది. చెంప మీద సోమవారం నాటి గుర్తు ఎప్పుడో పోయింది. అయినా ఆమె కళ్ళు అక్కడే వెతికాయి.

"వీణ్ణి ఎక్కడికీ పంపం. నిన్ను కూడా."

"నడిచినా?"

"నడిచినా."

"పెద్దైపోయినా?"

"పెద్దైపోయినా."

హాసిని నమ్మిందో లేదో తెలియలేదు. లెక్క తేలని వాళ్ళలా కాసేపు పెట్టెను చూసింది. ఆ చూపులో నింద లేదు. తెలుసుకోవాలన్న కోరిక ఒక్కటే ఉంది.

"మరి నన్నెందుకు పంపారు?"

దమయంతి దగ్గర జవాబులు ఉన్నాయి. ఉద్యోగం, రెసెషన్, శశికాంత్‌కు ప్రాజెక్టు లేకపోవడం, డేకేర్ ఖర్చు, అందరూ పంపుతున్నారు కదా అన్న ధైర్యం. నాలుగేళ్ళుగా అందరికీ చెప్పినవే. ఒక్కటీ అబద్ధం కాదు. వాటిలో ఏ ఒక్కదాన్నయినా ఈ పిల్ల ముందు పెడితే, అవును, అందుకే పంపాల్సి వచ్చింది అని ఆ పిల్ల మర్యాదగా ఒప్పుకుంటుంది. అలా ఒప్పించుకోవడం కన్నా పెద్ద దొంగతనం లేదనిపించింది.

"పంపకుండా ఉండాల్సింది," అంది. "తప్పు చేశాను."

మొన్న కొట్టినందుకు కూడా అనాలనుకుంది. రెండింటికీ ఒక్కసారే క్షమాపణ అడిగితే పిల్ల మీద బరువు పడుతుందని ఆగింది. ఆగడం మంచితనమో పిరికితనమో తేల్చుకోలేకపోయింది.

దమయంతి పెట్టెలోంచి ఒక గౌను తీసింది. ఇంకా వెచ్చగా ఉంది. లేచి అల్మారాలో పెట్టి వచ్చింది. ఇంకొకటి. ఇంకొకటి. హాసిని ఈసారి సాయం చేయలేదు, చూస్తూ కూర్చుంది. ఉదయ్ పెట్టె అంచు పట్టుకుని పక్కకు ఒక అడుగు వేశాడు. హాసిని చేతులు అలవాటుగా లేచాయి. దమయంతి వాటిని చూడనట్టు అల్మారా వైపు తిరిగింది. తిరిగి వచ్చేసరికి ఆ చేతులు వాడి భుజాల మీద లేవు. వాడి నడుముకు రెండు వైపులా, తాకకుండా, పడితే పట్టుకునే దూరంలో ఉన్నాయి.

పెట్టె అడుగున చివరి గౌను మిగిలింది, పసుపుపచ్చనిది. దమయంతి వంగింది. హాసిని ఒక చేయి తమ్ముడి దగ్గరే ఉంచి, రెండో చేయి ఆ గౌను మీద వేసింది.

"ఇదుండనివ్వండి," అంది.

దమయంతి చేయి వెనక్కి తీసుకుంది. ఆ గౌను అక్కడే ఉంది. పెట్టెను అల్మారా పైకి ఎక్కించలేదు, మూత వేయలేదు. ఎన్నాళ్ళుంటుందో ఆమె అడగలేదు. అది అడిగే హక్కు తనది కాదు. ఉదయ్ ఇంకో అడుగు వేశాడు.